గుల్ల

డిసెంబరు ఏడు. బల్‌స్టాడ్ రేవులో
సూర్యుడు నెల్లాళ్ళ సెలవు పెట్టిన రోజు.
బోడో ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది:
తుంటి దగ్గర మైనస్ రెండు పాయింట్ ఏడు.
మా ఊళ్ళో దాన్ని చలి అని కూడా అనరు.

కింద ఇంకో ముక్క: ఎముకలు గుల్లబారుతున్నాయి.

ఇరవై ఆరేళ్ళు షెడ్డులో కాడ్ చేపలు కోశాను.
వేలికి తగిలితే చాలు, ఏ ముల్లు ఎక్కడిదో చెబుతాను.
వెన్ను అంటే
లాగి బుట్టలో పారేసేదనే నా లెక్క.

నలభై తొమ్మిదిలో ముట్లుడిగాయి.
పీడ విరగడైందనుకున్నాను.
ఒంట్లో ఆవిర్లు కమ్మితే అర్ధరాత్రి
గౌనుతోనే మంచులోకి వెళ్ళి నిలబడేదాన్ని, నవ్వుకుంటూ.
అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ
గోడల సున్నం కూడా గీక్కుపోతారని
నాకెవరు చెప్పారు?

మా అమ్మ అస్లౌగ్
ఉత్తరాల పెట్టె దాకా వెళ్ళింది. పద్నాలుగు అడుగులు.
పడి విరగలేదట, విరిగి పడిందట.
అంతకు ముందు ఏటేటా ఆమె కోటు అంచు
నేలకి దగ్గరయ్యేది.
"పాత ఉన్ని, సాగుతోంది" అనేది.
మేమూ సరేననేవాళ్ళం.

ఇప్పుడు పొద్దున్నే చెంచాడు చేప నూనె.
ఇన్నేళ్ళూ ఎవరెవరి పిల్లలకో డబ్బాల్లో పోసిన నూనే.
మంగళవారాలు జాలర్ల హాల్లో
గున్‌వోర్, టూరిడ్, నేను
ఉప్పు మూటలు ఎత్తుతాం, దించుతాం,
ఆపైన చెక్క నేల దద్దరిల్లేలా గెంతుతాం.
బరువు పడకపోతే ఎముక పని మరిచిపోతుందట.
"రిటైరైన మా ఆయనలా" అంటుంది గున్‌వోర్.

గురువారం మాత్ర. పరగడుపున, గ్లాసు నిండా నీళ్ళతో.
తర్వాత అరగంట నడుం వాల్చకూడదు.
ఆ అరగంటా ఏం చెయ్యను?
అమ్మ కోటు తొడుక్కుని తలుపుకి ఆనుకుంటాను.
పక్కింటి టూరిడ్ వచ్చి, నేలమీద చతికిలబడి,
అంచు ఆగిన చోట
తలుపు చెక్క మీద పెన్సిలు గీత పెడుతుంది.

పదకొండు గురువారాలు.
గీత మీదే గీత పడి
నల్లగా, లావుగా తేలింది.

ఇవాళ పెట్టె మీద ఎండ పడింది.
ఇనుప ముళ్ళ బూట్లు బిగించుకుని బయల్దేరాను.
పద్నాలుగు అడుగులు, లెక్కపెట్టాను.
తిరిగొస్తూ కూడా.