బల్లల కింద

రింగు అంటరు గని అది నాలుగు మూలలదే.
బిగించినోన్ని, నాకెరుక.
పద్దెనిమిది అడుగుల ఇనుప చట్రం, పదహారు బల్లలు,
వాటి మీద రెండు వేళ్ల మందం పరుపు, ఆపైన కాన్వాసు.
నడుమ బల్ల కింద ఒక స్ప్రింగు,
స్ప్రింగు పక్కన టేపుతోటి అతికించిన మైకు.
మనిషి పడితె వేల గుండెలు జల్లుమనాలె గద,
ఉత్త మనిషికి అంత చప్పుడు రాదు.

కంపెనీ పుట్టిన కథ ఫుఆద్ సారు ఒక తీరు చెప్తడు
టీవీల, సూటేసుకొని, ఎనుక గద్ద బొమ్మ పెట్టుకొని.
నేను చూసింది వేరు.
దేరా చేపల మార్కెట్ ఎనుక ఇసుక జాగ,
శుక్రారం పొద్దుగూకే యాల్ల
లుంగీలు ఎగగట్టి గుండ్రంగ కూసున్న కూలోళ్లు,
నడుమ ఇద్దరు.
గెలిచినోడు తువ్వాల చాపి తిరిగితె
ఐదు, పది దిర్హములు. ఒకసారి ఎవడో నారింజపండు ఏసిండు.
అండ్లనే పోశెట్టి గెలిచేటోడు.
బోధన్ దిక్కు పిల్లగాడు,
కొబ్బరికాయ కుస్తీల మొదలువెట్టి
వెండి కడెం కుస్తీ దాక పోయినోడు,
ఇక్కడ ఐసు పెట్టెలు మోసేటోడు.
ఫుఆద్ సారు కారు అద్దం దించి చూసిండు.
అదే కంపెనీ.

మొదటి ఏడు షార్జాల పాత గోదాం, రెండు వందల కుర్చీలు,
నూట నలభై నిండినయ్.
మూడో ఏడు టీవీ అచ్చింది.
ఐదో ఏడు పొగ, రంగు లైట్లు, పిల్లల బనీన్లు.
టికెట్ల కంటె బనీన్ల మీదనే లాభమని
లెక్కలు రాసే కుంజుమోన్ నా చెవుల చెప్పిండు.
పోశెట్టికి నల్ల ముసుగిచ్చిండ్రు, పేరిచ్చిండ్రు:
దక్కన్ భూతం.
ఓడుడు వాని పని.
"బాగోతంల రావణాసురుడు దినాం చస్తడు,
దినాం కూలి తీస్కుంటడు, నాకేం నామోషి" అంటుండె
క్యాంపుల కింది మంచం మీద, నడుముకు అమృతాంజనం రాసుకుంట.
గుద్దు ఉత్తదే.
పడుడు ఉత్తది కాదు.
బల్లల కింద పండి స్ప్రింగు చూస్కునెటోన్ని,
నా మొఖానికి జానెడు మీద వాడు పడుతుండె.
ఎడమ భుజం ముందు, తర్వాత వీపు,
తర్వాత ఒక చిన్న ఊపిరి.
అది మైకుకు అందకపోయేది. నాకు అందేది.

మొన్న ఎండకాలం కంపెనీ అమ్ముడువొయింది.
ఎంతకో పేపర్ల ఏసిండ్రట, సున్నాలు లెక్కవెట్టబుద్ధిగాలె.
కొన్నోళ్లు గోదాంకు అచ్చి ఒక్కొక్కటి రాసుకున్నరు:
చట్రం ఒకటి, బల్లలు పదహారు, తాళ్లు మూడు,
ముసుగులు ఇరవై మూడు, పేర్లు ఇరవై మూడు.
పేర్లు గూడ సామానేనట.
పోశెట్టి సంతకం పెట్టిన కాయితం తీసి చూపిచ్చిండ్రు:
దక్కన్ భూతం కంపెనీది,
లోపలి మనిషి కంపెనీది కాదు.
రెండు నెలల జీతం గూడ కంపెనీది కాదు, పాత కంపెనీది,
పాత కంపెనీ ఇప్పుడు లేదు.

కొత్త ఆట రాత్రి నేను బల్లల కిందనే ఉన్న.
పైన అదే ముసుగు, అదే పాట, పిల్లలది అదే కేక.
పడ్డడు.
కుడి భుజం.
ఎవ్వరికి తెల్వలె.
చీకట్ల స్క్రూడ్రైవర్ పట్టుకొని
ఊపిరి కోసం చెవి పెట్టిన. రాలె.

శుక్రారం దేరాకు పోయిన.
ముల్తాన్ దిక్కు పోరడట, ఇరవై ఏండ్లుంటయేమో,
పోశెట్టి మెడ వంచి, కాలు మెలేసి
నాలుగు నిమిషాల్ల వీపు ఇసుకకు ఆనిచ్చిండు.
చప్పుడే రాలె.
లేచి, పండ్ల నడుమ ఇసుక ఉమ్మి,
నా దిక్కు చూసి నవ్వవట్టె.
"ఓడినవ్ గదరా" అన్న.
"ఔ, ఓడిన! ఎవ్వడు చెప్పలె, నేనే ఓడిన" అని
చాయ్ కొట్టు దాక అదే మాట.
చాయ్ పైసలు మాత్రం నన్నే ఇయ్యమన్నడు.