దంత్యాలు

కేజీహెచ్ డౌనులో, మందుల షాపుల వరస వెనక,
మేడమీది గదిలో నేను పళ్ళు చేస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా.
బల్లల నిండా ప్లాస్టర్ దవడలు,
ఒక్కోదాని కింద పెన్సిలుతో ఒక్కో పేరు.
కిటికీ తెరిస్తే సముద్రపు చెమ్మకి ప్లాస్టర్ ఆరదు,
మూస్తే గులాబిరంగు మైనం మెత్తబడిపోతుంది.
ఈ ఊళ్ళో పళ్ళు చేయడమంటే
గాలితో బేరమాడడం.

డాక్టరమ్మ పంపిన చీటీలో ఇంతే ఉంది:
వాసుపల్లి నూకరత్నం, పెదజాలారిపేట, యాభై ఎనిమిది.
పైన పూర్తి, కింద పూర్తి.
నాకు ఆ పేరు తెలీదు. గొంతు తెలుసు.

పొద్దున్న ఏడున్నరకి మా చినవాల్తేరు సందులోకి
నెత్తిన సత్తు బేసినుతో ఒక కేక నడిచొచ్చేది:
"నెత్తళ్ళమ్మా... కానాగంతలు... చందువా..."
త థ ద ధ న, ఇవి దంత్యాలు,
నాలుక పళ్ళ వెనక తాకితే పుడతాయి,
చందువలో చ కూడా ఆ ఇంటిదే అని
బళ్ళో మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పాఠం
నాకు ఆ కేకలోనే అర్థమైంది.

రెండేళ్ళుగా ఆ కేక కరుగుతూ వచ్చింది.
ముందు చందువ జారిపోయింది.
తర్వాత నెత్తళ్ళలోంచి త, దాని వత్తు.
చివరికి కాస్త గాలీ, చిగుళ్ళూ, ఒక "అమ్మా".
"అమ్మా"కి పళ్ళక్కర్లేదు, పెదాలు చాలు.
ఎవరో కొత్తావిడ అనుకుని
మా వీధి తలుపులు తియ్యలేదు.

రంగు చూసుకోడానికి తనే మెట్లెక్కి వచ్చింది.
నేనే అక్షరాలు పూరించుకుంటూ విన్నాను:
"అడ్డపొగ బాబూ. సుట్ట నిప్పు నోట్లో ఎట్టి కాల్సీదాన్ని,
ఒడ్డున గాలికి ఆరిపోకుండా.
మాయమ్మ కాల్సింది, నానూ కాల్సినాను.
కచ్చిక బొగ్గుతో రుద్దీదాన్ని, అదీ గుర్తొస్తే.
వల దారం పంటితోనే, సోడా మూత పంటితోనే.
నొప్పెడితే లవంగం. మళ్ళీ నొప్పెడితే ఇంకో లవంగం.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేటి?
నాను అన్ని రాళ్ళూ వాడీసినాను."
నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.
అంగిట్లో తెల్లమచ్చ ఒకటి ఉండేదట.
డాక్టరమ్మ ముందు దాని సంగతే చూసింది.
చుట్ట మాన్పించి, ముక్క పరీక్షకి పంపి,
పర్లేదని కాగితం వచ్చాకే పళ్ళ మాటెత్తింది.

షేడు కార్డు చూపిస్తే అందరూ అన్నిటికన్నా తెల్లది ఎంచుతారు.
ఆవిడ పచ్చటి దానిమీద వేలు పెట్టింది.
"మరీ తెల్లగుంటే మా పేటలో నన్ను గుర్తట్టరు.
ముందు రెండిటి మజ్జిన సందొగ్గెయ్యి.
నా సందు నాకు కావాల."

వెంట మనవరాలు మోనిక, ఆరేళ్ళది.
బుగ్గలో చాక్లెట్టు. వెనక పళ్ళు రెండు నల్లగా.
"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడతాయి" అన్నాను అలవాటుగా.
నూకరత్నం నాకేసి తిరిగింది:
"అద్దె పడవని సిల్లు సూసుకోవేటి?
ములిగీది నువ్వు కాదేటి?"

పళ్ళు చేసేవాడికే పాఠం.
నిజమే, నేను ఊడిన తర్వాత వచ్చేవాణ్ణి.
నేను చేసిన పన్ను అన్నం నములుతుంది,
టీ కాలితే మాత్రం దానికి తెలీదు,
సన్నటి ముల్లు తగిలితే చెప్పదు.
రాత్రయితే గ్లాసులో నీళ్ళ అడుగున పడుకుంటుంది.
దంతసిరి అంటామే, అది నా బల్లమీద దొరకదు.
పొద్దుటా రాత్రీ రెండేసి నిమిషాలు,
ఎవరూ చూడని అద్దం ముందు,
జీతం లేని ఆ ఉద్యోగం ఎవరిది వాళ్ళే చెయ్యాలి.

పదకొండో రోజున డాక్టరమ్మ పళ్ళు పెట్టిందట.
ఇవాళ ఏడున్నరకి సందు మొదట్లోంచి
నె. త్త. ళ్ళు.
ఒక్కో అక్షరం తడిగా, మెరుస్తూ, తోకాడిస్తూ.
చందువ ఇంకా కొంచెం ఈలేస్తోంది,
అది ఆవిడ అడిగి పెట్టించుకున్న సందు చేసే పని.
ఎదురింటి గడియ తీసిన చప్పుడు.

కిటికీ దగ్గర నిలబడి వింటుంటే
నా నాలుక దానంతటదే వెళ్ళి
కుడివైపు ఆఖరి దంతం గుంటలో కూచుంది.
ఎనిమిది నెలలుగా దాని అడ్డా అదే.
జేబులో లవంగం ఉంది.

డాక్టరమ్మ తొమ్మిదింటికి తలుపు తీస్తుంది.
ఏడూ నలభైకే చెప్పులేసుకున్నాను.