బాకీ ఎనిమిది

చూళైలో మా కొట్టు మూసేస్తున్నాం.
అద్దం కోసే వజ్రం, మేకుల డబ్బా,
జిగురు కాచే సొట్ట గిన్నె తమ్ముడి వాటాకి.
నా వాటాకి ఈవిడ.

అరవై ఏళ్లుగా ఆ గోడ మీదే ఉంది,
ఒక పక్క అమ్ముడుపోని లక్ష్మీదేవులు,
ఒక పక్క దండ కోసం ఎదురుచూసే పోయినవాళ్లు.
బొట్టు లేదు. ముక్కుకి ఒక్క ముత్యం.
చీర జేగురో, పొగచూరిన ఎరుపో చెప్పలేను.
ఎటు నిలబడినా మన వంక చూడదు.
కాస్త కిందికి, తన ఎడమ పక్కకి చూస్తుంది,
ఎవరో కుచ్చెళ్లు పట్టి లాగినట్టు.

పాంథియన్ రోడ్డు నుంచి తమీమ్ వచ్చాడు.
చేతికి తొడుగులు, నోట్లో చిన్న టార్చి.
వెనక్కి తిప్పి గుడ్డ పోగులు లెక్కపెట్టాడు.
తంజావూరు పని కాదన్నాడు.
దొరల కాలం అందామంటే ఈ నీలం ఒప్పుకోదన్నాడు.
"సంతకం ఉంటే ఒక సున్నా ఎక్కువ.
ఎవరో తెలిస్తే ఇంకో సున్నా.
పోనీ ఏ జమీందారిణి అనో రాసుకోనా?
మీ తెలుగు జమీలు నాకు తెలీవు,
ఒక పేరు మీరే చెప్పండి సార్."

నోటి దాకా ఓ రాణీగారు వచ్చింది, పల్లకీతో సహా.
మింగేసి నాన్న చిట్టా తీశాను.
మునిరత్నం నాయుడి పెన్సిలు రాత:
*అమ్మ పటం. 11 రూ. ముట్టినది 3. బాకీ 8. శుక్రవారం.*
ఇచ్చినవాళ్ల పేరు లేదు.
ఎవరి అమ్మో లేదు.
ఏ శుక్రవారమో ఆ వచ్చేవాళ్లకే తెలియాలి.

తమీమ్ నవ్వాడు.
"ఇన్నేళ్ల వ్యాపారంలో అబద్ధం లేని కాగితం ఇదే చూడ్డం.
దీనికి ధర కట్టలేను."

నేను చెప్పనిది ఒకటుంది.

మా నాన్న చెయ్యి మంచిది, బుద్ధి పొదుపుది.
టేకు బద్ద నాలుగంగుళాలు తక్కువొస్తే
కొత్త బద్ద కొనడు.
బొమ్మని కోస్తాడు.
మొన్న అటక దులుపుతుంటే
ఓ వెంకటేశ్వరస్వామి వెనక, అట్ట కింద,
చెదలు ముట్టని గుడ్డ పేలిక దొరికింది.
అదే పొగచూరిన ఎరుపు.
ఆ ఎరుపుని పిడికిట్లో పట్టుకుని ఐదు పసివేళ్లు,
మణికట్టున నల్లగాజు, అక్కడితో సరి.
మిగతా పిల్ల ఏ ఇంట్లో ఏ దేవుడి వెనక ఉందో.
కింద మూలన మూడక్షరాలు, ఆపైన కత్తి.
తెలుగనుకుంటే ఒక సగం పేరు,
కన్నడమనుకుంటే ఇంకో సగం పేరు.

అది నా బల్ల సొరుగులో ఉంది,
మోకాలికి తగిలేంత దగ్గర,
తమీమ్ కుడి అంచు మీద వేలు ఆనించి
"ఇక్కడ బొమ్మ తగ్గినట్టుందే" అన్నప్పుడు.

"ఏమో, నేను పుట్టినప్పట్నుంచీ ఇంతే" అన్నాను.

సున్నా పోయింది. పోనీ.
నాన్న యాభై ఏళ్లలో వేల పటాలు కట్టాడు,
ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.
ఆ వంకర లేని కోత ఒక్కటే ఆయన సంతకం.
అలా అనుకున్నాను అప్పుడు.
తెల్లారుజామున మెలకువొచ్చినప్పుడు
అది అంత గట్టిగా నిలబడట్లేదు.

దుప్పటి చుట్టి ఆటోలో పడుకోబెట్టారు.
గోడ మీద ఆవిడంత మేర
నాన్న నాటి పచ్చరంగు బయటపడింది.
తమీమ్ ఇచ్చిన కట్టలోంచి కాదు,
నా జేబులోంచే ఎనిమిది రూపాయలు తీసి
గల్లాలో వేశాను.
చిట్టాలో ఆ పద్దు కొట్టెయ్యబోతే
పెన్ను ఆడలేదు.

రాత్రి సొరుగు లాగాను.
ఐదు వేళ్లూ ఇంకా వదల్లేదు చీరని.
దీనికి పటం కట్టాలంటే
బద్ద ఎంత పడుతుందో
చేతులు వాటంతటవే జానెడేసి కొలిచాయి.
పదకొండు రూపాయలకి కాదులే ఇప్పుడు.