ముంత ఒలకబోసుకున్నవాళ్లు

నెలలో మొదటి గురువారం
ఉన్ని షెడ్డులో హీటరు వెలిగించే పని నాది.
జూలై చలి, ఐదున్నరకే చీకటి.
తలుపు తీస్తే మనుషులకంటే ముందు
గొర్రెబొచ్చు జిడ్డువాసన పలకరిస్తుంది.
ఈ గోడ నుంచి ఆ గోడకి పురికొస కడతాను,
పక్కన డబ్బా నిండా బట్టల క్లిప్పులు.
ఒక్కొక్కళ్లే వస్తారు,
కోటు లోపల, గుండెకి ఆనించి,
తడవకుండా ఓ కవరు.

మా మబ్బు సంగతి మీకు తెలీదు కదూ.
వాయవ్యపు గాలి రాక్ అండ్ పిల్లర్ కొండలెక్కి
ఇవతలికి జారేచోట పుడుతుంది.
పొడుగ్గా, నున్నగా,
తడిచేత్తో అంచులు దిద్దిన అట్టులా.
గాలి దాన్లోంచి పరుగెత్తి పోతూనే ఉంటుంది,
అది మాత్రం అడుగు కదపదు.
టైయెరి లోయలో దానికో ముద్దుపేరుంది,
సాకిన జంతువుని పిలిచినట్టు పిలుస్తాం.
సాకిందెవరో అడిగితే
ఎవరికి వాళ్లు మేమే అంటారు.

ఫొటో దారానికి తగిలించగానే
బావుందనకూడదు. అది ఇక్కడి కట్టుబాటు.
ఏం ఒలకబోశావు, అని అడగాలి.
మబ్బును చూసి ముంతలో నీళ్లు
ఒలకబోసుకున్నవాళ్లమే కదా అందరం.

నైరీ పాలు పొంగించుకుంది.
అంచున ఆ వెండి మూడు నిమిషాలే,
స్టవ్వు తోమడానికి గంట.
హామియోర గేటు వెయ్యడం మరిచాడు,
నలభై గొర్రెలు పొరుగు టర్నిప్ చేలో పడ్డాయి.
పొరుగాయన ఇదిగో, పక్క కుర్చీలోనే ఉన్నాడు.
"పోన్లే, టర్నిప్పులకీ దీనికీ చెల్లు" అని
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తాడు.
నర్సు ఇస్బెల్, సూది పొడవాల్సిన ముసలాయన్ని
చక్రాల కుర్చీతో సహా వరండాలోకి తోసుకొచ్చింది.
ఆమె ఫొటోలో మబ్బుకి ఎడంపక్క
ఆయన చెవి.
నేనా? బస్సు ఆపేశాను.
పదకొండుమంది పిల్లలు, అవతల బడిగంట.
ఇంజను వేడెక్కిందని చెప్పాను హెడ్‌మాస్టరుకి.
పదకొండుమందీ ఆ అబద్ధాన్ని
ఇప్పటిదాకా పొల్లుపోకుండా కాపాడుతున్నారు.

టార్క్విల్ ఒక్కడిదీ వేరే గొడవ.
అతని ఇల్లు సరిగ్గా మబ్బు కింద.
ప్రతి నెలా తెస్తాడు, ప్రతి నెలా అదే:
బూడిదరంగు.
అంచు లేదు, ఆకారం లేదు,
తలకిందులుగా తగిలించినా తేడా తెలీదు.
ఏం ఒలకబోశావు?
"ఏమీ లేదు. గొర్రె గిట్టలు కత్తిరిస్తున్నా.
ఎండ వచ్చినట్టే వచ్చి పోయింది. పైకి చూశా."
కొత్తవాళ్లు నవ్వుతారు.
అతనూ నవ్వుతాడు, టీ కప్పులోకి.

ఈసారి ఎందుకో
ఫొటోలు తిప్పి వెనక తేదీలు చదివాను.
జూన్ పంతొమ్మిది.
నైరీది, హామియోరది, ఇస్బెల్‌ది, నాది.
టార్క్విల్‌దీ.
ఒకే పొద్దు. ఒకే మబ్బు.

దారం మీంచి దింపి బల్ల మీద పరిచాం,
ఎవరి ఇల్లు ఏ దిక్కునో ఆ దిక్కున.
నాలుగు పక్కలా నాలుగు వెండి అంచులు,
నడుమ ఒక్కటే బూడిద.
అది మధ్యలోకి వచ్చాకగానీ
మిగతావి దేని అంచులో తెలియలేదు.

హీటరు టిక్కుటిక్కుమంటోంది.
"అంటే ఇన్నాళ్లూ మేం
నీ ఇంటి మీది చీకటికి ఫొటోలు తీసుకుంటున్నామా"
అంది నైరీ, తప్పు చేసినదానిలా.

టార్క్విల్ జవాబివ్వలేదు.
ఒక్కోటీ దీపం కిందకి పట్టుకుని
తన ఇంటి చిమ్నీ కోసం వెతుకుతున్నాడు.
హామియోర తీసినదాంట్లో దొరికింది,
అంత మెరుపు కింద
సూదిమొనంత చిమ్నీ, దాని పొగ.

"ఇదా" అన్నాడు, "నా నెత్తిమీద ఉన్నది ఇదా."

కప్పు వొంగిపోయింది.
టీ మోకాలి మీంచి కారి
రబ్బరు బూటులోకి పోతోంది.
ఎవరం అడగలేదు.
నేను గుడ్డ కోసం లేచాను.