ఏడు సెంట్లు

మే నెల, మధ్యాహ్నం మూడు.
కృష్ణానగర్‌లో టిఫిన్ సెంటర్ పైన మా గది.
మైకు వింటుందని ఏసీ ఆపేస్తాం.
ఆ ఉడుకులో పాత సింథ్ మెల్లగా జారుతుంది.
పొద్దున షడ్జమం మీద నిలబెట్టాను,
ఇప్పుడు గడప దిగి కూర్చుంది.

ఏడు సెంట్ల తేడా.
నేలైతే ఈ ఊళ్లో కోట్లు.
స్వరమైతే తప్పు.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని కోఠీ తీసుకెళ్లాను.
గుజరాతీ గల్లీ చివర, సగం దించిన షట్టర్ కింద
ఖుద్దూస్ భాయ్ దాన్ని బోర్లించాడు.
ఒక కెపాసిటర్ ఉబ్బింది, పన్ను నొప్పెట్టిన బుగ్గలా.
టంకం పొగలో చాయ్ ఆవిరి.
"నలభై ఏండ్ల సంది, బేటా,
ఈ ఒక్క రోగానికే మందేస్తున్న" అన్నాడు.

నేను ల్యాప్‌టాప్ తెరిచాను.
అదే సింథ్, తెర మీద.
చెక్క అంచులతో సహా,
చెక్క మీది గీతతో సహా.
ఇది ఉడకదు.
నిన్న ఎక్కడ వదిలానో అక్కడే నిలబడి ఉంటుంది.
పాతదానికి నిన్న లేదు.
అవే నాబులు అదే చోట పెట్టినా
వేరే సాయంత్రం పలుకుతుంది.

మూలన ఇంకో చిన్న నాబు.
"ఇదేంది?"
చెప్పడానికి సిగ్గేసింది.
తిప్పితే శ్రుతి జారుతుంది, భాయ్. కావాలనే.
పాతదానిలా ఉండాలని.
ఎంత తప్పాలో మనమే చెప్పొచ్చు.
దీనికే డబ్బు కట్టాను.

కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.
నవ్వు ముందు భుజాల్లో మొదలై
స్టూలు కాళ్ల దాకా దిగింది.
"నేను ఏరి పారేసిన పురుగుల్ని
పైసలిచ్చి కొనుక్కుంటున్నరా!"

తర్వాత చెవి వంచి విన్నాడు.
వేళ్ల కణుపుల మీద ఏదో లెక్క.
బయట బస్సు హారన్, ఎవరో రిమోట్ల బేరం.
"ఎనిమిది లెక్కలకు మళ్ల అక్కడికే వస్తుంది
నీ తప్పు," అన్నాడు మెల్లగా,
నాకేదో చెడ్డ కబురు చెబుతున్నట్టు.

మళ్లీ విన్నాను. నిజమే.
రెండేళ్లుగా దీంతోనే పాటలు కడుతున్నాను,
ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఉబ్బిన కెపాసిటర్ నా అరచేతిలో పెట్టాడు,
ఊడిన పన్నులా.
మరీ బాగు చేయకండి, అనాలని
నోటిదాకా వచ్చింది.
ఆయన అప్పటికే సిగరెట్ అట్ట వెనక రాస్తున్నాడు:
మూడు వందల యాభై.
కింద, చిన్నగా,
గ్యారంటీ: వానలు పడేదాకా.