బీగద కై

తాళానికి చెవి ఉందని మనం అంటాం.
సిద్దలింగప్ప చెయ్యి అంటాడు.
బీగద కై.
మారతహళ్ళి వంతెన అవతల మా ఆఫీసు గేటు దగ్గర
రాత్రి పాళీ అతనిది.
గుత్తిని వేలికి తిప్పుతూ
ఏడు నెలలుగా చూస్తున్న మొహాన్ని
రోజూ కొత్తగా అడుగుతాడు:
"కార్డు తోర్సి మేడమ్."
మొదట్లో ఒళ్ళు మండేది.

ఇవాళ నేను రాయాల్సింది
మొహమే లేనివాళ్ళ గురించి.
సర్వీస్ అకౌంట్.
అన్నం తినదు, సెలవడగదు,
తెల్లవారుజామున మూడింటికి లేచి
సర్వర్లు కడుతుంది, కూలుస్తుంది, మళ్ళీ కడుతుంది.
దాన్ని ఎవరని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి,
అదే పేజీ.
నిన్న చేరినవాడికి కూడా అర్థమవ్వాలన్నది
తబస్సుమ్ షరతు.

మొదటి మెట్టు: పేరు పెట్టండి.
రాసి కొట్టేశాను.
చేసే పని తెలిసేలా పేరు పెట్టండి.
నాలుగేళ్ళ కిందట దినకరన్ అనేవాడు
తన కుక్క పేరు పెట్టి పోయాడు.
బ్రౌనీ.
అది ఏం చేస్తుందో తెలిసినవాడు ఇప్పుడు లేడు.
ఆపితే ఏది ఆగుతుందో అని
ఎవరూ ఆపరు.

రెండో మెట్టు: అనుమతులు.
పుంగనూరులో మా మేనత్త
పాలుపోసే పిల్లాడికి వాకిలి బీగం ఇచ్చేది,
బీరువాది నడుముకే ఉండేది.
ఈ ఒక్క ముక్క రాస్తే చాలనిపించింది.
డాక్యుమెంటులో మేనత్తలకు చోటు లేదు.
"అవసరమైన కనీస పాత్రను మాత్రమే కేటాయించండి"
అని రాశాను.
చదివినవాడు సాయంత్రానికి మరిచిపోతాడు. సరే.

మూడో మెట్టు దగ్గర కాఫీ చల్లారింది.
కీ ఫైలు.
పట్టుమని పదమూడు వరుసలు,
నడుమ అర్థంలేని అక్షరాల పొడుగాటి తాడు.
అది ఎవరి దగ్గరుంటే వాడే బ్రౌనీ.
అక్కడ సిద్దలింగప్ప ఉండడు.
చెవికి మొహం అక్కర్లేదు.
చెప్పింది వింటుంది, తలుపు తీస్తుంది.

ఒకసారి ఎవరో దాన్ని కోడులో కలిపి
అందరూ చూసే చోటికి తోశారు.
పదకొండు నిమిషాలు.
ఎక్కడివాళ్ళో వచ్చి మా ఖర్చుతో
కంటికి కనపడని నాణేలు తవ్వుకున్నారు.
ఆ బిల్లు ఇప్పటికీ పాంట్రీ గోడకి,
చక్కెర డబ్బా పైన, అతికించి ఉంది.
గోడలకు చెవులుంటాయని ఊరికే అన్నారా.

కాబట్టి రాస్తున్నాను:
కీ దించుకోకండి.
పని జరిగే చోటే మీరెవరో చెప్పుకోండి,
గంటకు చచ్చిపోయే టోకెన్ తీసుకోండి.
గంట అయ్యాక మళ్ళీ చెప్పుకోండి.
విసుక్కోకండి.
చివరి మాట తబస్సుమ్ తీసేసింది.

పేజీ సరిచూస్తూ ఆమె అంది:
"మరి మన ఇంట్లో కుక్క సంగతో?"
ఖాతాల పట్టిక తెరిచాం.
బ్రౌనీ. అన్ని అనుమతులూ.
గడువు: లేదు.
ఆమె ఊపిరి బిగబట్టి ఆపేసింది.
తెర ముందు ముగ్గురం, పది నిమిషాలు.
ఏ గంటా మోగలేదు, ఏ ఫోనూ రాలేదు.
మర్నాడు తెలిసింది, ఒక్కటే ఆగిందని:
రోజూ పొద్దున ఆరింటికి
ఎవరూ చదవని ఒక మెయిల్.
నాలుగేళ్ళుగా అంత పనికి
అంత పెద్ద చెయ్యి
చీకట్లోకి చాచి ఉంది.

నా కాంట్రాక్టు ఈ నెలతో సరి.
పేజీ ఉంటుంది.
రాసిందెవరన్న చోట
టీమ్ పేరు వేస్తారు, అది పద్ధతి.

రాత్రి పదకొండున్నరకి కిందికి దిగితే
"కార్డు తోర్సి మేడమ్."
తోర్సాను.
టార్చి వేసి, ఇన్నాళ్ళూ చూడని తేదీని
పైకి చదివాడు:
"ముప్పత్తొందు."
ఇంకేం అనలేదు.
గుత్తిలో సరైన చెయ్యి కోసం
కాసేపు వెతికాడు.
ఆలోగా రింగురోడ్డు మీద
చివరి బస్సు పోయింది.