పన్నెండో పేరు

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్ గోడకు
టేకు చెక్క బోర్డు.
పదకొండు పేర్లు రాయించినారు, పన్నెండోది ఖాళీ.
ఆ జానెడు జాగా కోసం
క్యారంబోర్డు చుట్టూ ఐదుగురం కూర్చున్నాం,
టీ చల్లారిపోతా ఉంది.

"మద్దిలేటి పేరు రాయాల్సిందే" అన్నాడు దస్తగిరి,
"అట్లా కొట్టినోడు మళ్లీ పుట్లేదు."
"కొట్టడం ఒకటేనా ఆటంటే?"
జిలానీ సార్ పద్దెనిమిదేండ్లు వికెట్ల ఎనక కూర్చున్న మనిషి.
వంకరపోయిన వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తా చెప్పినాడు:
పరుగెత్తమంటే రొప్పుతాడు,
క్యాచి వస్తే సూర్యుణ్ణి తిడతాడు,
రెండో పరుగుకు పిలిస్తే
"యాడికిబ్బా, ఆడ్నే నిలబడు" అంటాడు.

అందరూ నా దిక్కు చూసినారు.
స్కోరు పుస్తకాలు నా దగ్గరే గదా,
ఇరవై రెండేండ్లవి, చెదలు తిన్నవి రెండు పోగా.

చెప్పినా.
నూట నాలుగు మ్యాచులు. సిక్సర్లు రెండొందల పదకొండు.
సున్నాలు ముప్పై ఏడు.
ఆ సున్నా పడిన రోజుల్లో
శెనక్కాయల గంప నెత్తికెత్తుకుని సుంకమ్మ
"ఇంగేముందిలే" అని స్టేషను దారి పట్టేది.
అది పుస్తకంలో లేదు.
లోకోషెడ్డు ఫిట్టరు, ఇనుమెత్తిన చేతులు,
బ్యాటు ఈడ్చుకుంటా వస్తా ఉంటే
ఎవరూ చెప్పకుండానే ఫీల్డర్లు పదడుగులు ఎనక్కి పోయేవాళ్లు.
ఆ పదడుగులూ లేవు.

ఓబులేసు సంగతీ లేదు.
పాయింటులో పద్నాలుగేండ్లు,
నల్లరేగడి మీద మోకాళ్లు చెక్కుకపోయేటట్టు దూకినాడు.
ఆపిన పరుగుకు నా పుస్తకంలో గడి లేదు.
ఎన్ని ఆపినాడో నాకు తెలుసు.
చూపించమంటే చూపించలేను.

ఆదోని వాళ్లతో ఆ ఆదివారం,
మ్యాటింగు మీద రొట్టె కాల్చుకోవచ్చు, అంత ఎండ.
ఎడంకాలు పక్కకు తీసి మద్దిలేటి ఊపినాడు.
మాకు శబ్దమే ముందొచ్చింది.
బంతి వేపచెట్లు దాటి, కంచె దాటి
సిగ్నలుకు నిలబడిన గూడ్సులో, బొగ్గు వ్యాగన్లో పడింది.
చూస్తా ఉండగానే పచ్చదీపం.
రాయచూరు దిక్కు కదిలింది బండి
మా బంతి నెత్తుకుని.
రెండు చేతులూ ఎత్తిన అంపైరు
దించడం మర్చిపోయినాడు.
నేను ఎర్రపెన్నుతో ఆరు వేసినా.
తాడు పక్కన పడినా ఆరే,
రాయచూరు పోయినా ఆరే.

చేతులెత్తమన్నారు.
అటు ఇద్దరు, ఇటు ఇద్దరు.
నేను ఓబులేసుకు ఎత్తినా,
పుస్తకంలో పట్టనోడు బోర్డు మీదన్నా ఉండనీ అని.
దస్తగిరి నాతో మాట్లాడకుండానే సైకిలెక్కినాడు.
పట్టనిది మద్దిలేటికీ ఉంది గదా అని
అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో.

ఇంటికి పోతా ఉంటే గేటు పడింది.
గూడ్సు. నింపాదిగా పోతా ఉంది.
లెక్క పెట్టడం అలవాటు, యాభై ఎనిమిది.
పైన మూతలేని ప్రతి వ్యాగనుకూ
మునివేళ్ల మీద లేచి
తొంగి చూసినా.